మాడు వాసన

మా ఆయన జయకర్‌ది ముక్కు మీద బతికే ఉద్యోగం. హైదరాబాదులో బీరు కాచి అక్కడికక్కడే అమ్మే చోట పని. పెద్ద స్టీలు ట్యాంకుల్లో బీరు తయారయ్యాక, అది జనం గ్లాసుల్లోకి పోయే ముందు ఆయన వాసన చూసి, గుక్కెడు నోట్లో తిప్పి, సరే అంటే పంపుతారు, ఆగండి అంటే ఆపుతారు. నాకు మేనత్త కొడుకు. పెళ్ళయినా బావా అనే పిలుస్తాను. సార్ సార్ అని ఆయన వెంట తిరిగే వాళ్ళ ముందు కూడా నాకు ఇంకో పిలుపు నోటికి రాదు.

పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం మధ్యాహ్నం నా ముందు చిన్న చిన్న గాజుగ్లాసులు వరసగా పెట్టాడు. నడికుడి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగి, పొద్దున్నే పాటల పుస్తకం పట్టుకుని చర్చికి పోయొచ్చిన దాన్ని. బీరు గ్లాసుల ముందు కూర్చుని కొంగుతో ముక్కు మూసుకున్నాను.

"తాగమనటం లేదే. వాసన చూడు. ఏం గుర్తొస్తే అది చెప్పు, సిగ్గుపడమాక" అన్నాడు.

లేత రంగుది ముందు, ముదురుది చివర. వరస తప్పితే నాలుక మొద్దుబారిపోతుందట. మొదటిది గోధుమ బీరు. అరటిపండు, లవంగం కలిపి నలిపినట్టుంది అన్నాను. అందులో రెండూ వెయ్యలేదని, అది పులియబెట్టే ఈస్టు చేసే పని అని చెప్పాడు. రెండోది నారింజ తొక్కని గోటితో గిల్లినట్టు కొట్టింది, మింగాక వేపపూత చేదు మిగిలింది. మూడోది నల్లది. కషాయం అనుకున్నాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాఫీ గింజలు వేయించే కొట్టు ముందు నిలబడ్డట్టుంది. దాని పక్కది కూడా నలుపే, కానీ బెల్లం పాకం ముదిరిన వాసన. అన్నిటికన్నా చివరిది అన్నం గిన్నె అడుగంటబోయే ముందు వచ్చే వాసన.

అది చెప్పగానే బావ మొహం వెలిగిపోయింది. "అదే పింకీ. బార్లీని నల్లగా వేయిస్తారు. కమ్మదనానికీ మాడుకీ మధ్య ఒక గీత ఉంటది. ఈ నల్ల బీరు, స్టౌట్ అంటే ఆ గీత మీద నడవటం. దాటిందా, మాడు."

అప్పటినుంచి ఇంట్లో సాధనకి నేనే తోడు. గుక్కెడు నోట్లో తిప్పడం, డబ్బాలో ఉమ్మడం. ఏడాది తిరిగేసరికి నాకు పాల చక్కెర వేసిన స్టౌట్ ఏదో, ఓట్స్ వేసింది ఏదో, మాగబెట్టిన గట్టి స్టౌట్ ఏదో మూత తీస్తే తెలిసిపోయేది. ముక్కు దేవుడిచ్చాడు, దాన్ని వాడటం బావ నేర్పాడు.

అత్తగారి ఊరు క్రోసూరు దగ్గర. మావయ్య యేసుపాదం మిరప రైతు, మా చర్చి సంఘానికి పెద్ద. కొడుకు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే బార్లీ కంపెనీలో క్వాలిటీ చూస్తాడని చెప్పేవాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మావయ్యకి అబద్ధం చెప్పడం చేతకాదు కూడా. ఇంట్లో అందరికీ అసలు సంగతి తెలుసు, ఎవరూ పైకి అనరు. అత్తమ్మ కృపమ్మ మాత్రం ఒకసారి బియ్యం చెరుగుతూ, "సారా కాసేవోణ్ణి పోలీసులు పట్టుకుపోతారు, బీరు కాసేవోడికి జీతమిస్తారు. ఏం లోకమో" అని నాతో అంది. అంతకు మించి ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

అత్తమ్మకి సంఘంలో ఒక పని ఉంది. నెల మొదటి ఆదివారం రొట్టె, రసం పంచుకునే ప్రభువు బల్లకి ద్రాక్షరసం కాచేది ఆమే. నల్లద్రాక్ష, పంచదార, సన్న మంట. బావ చిన్నప్పుడు ఒకసారి గేదె తాడు తెంచుకుంటే దాని వెంట అత్తమ్మ పరిగెత్తి వచ్చేసరికి గిన్నె కాస్త అడుగంటిందట. ఎవరికీ తెలియదులే అని పంపేసింది. ఎవరికీ తెలియలేదు కూడా. అందరూ రసం తీసుకుని కళ్ళు మూసుకుని నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఈ పిల్లాడు, "అమ్మా, మాడింది" అన్నాడట గట్టిగా. పాస్టరుగారే నవ్వేశారట. అప్పటినుంచీ అదొక ఆనవాయితీ. బావ ఊళ్ళో ఉంటే గిన్నె దించగానే అత్తమ్మ పిలిచి మూత తీస్తుంది. "మాడిందా?" అంటుంది. "లేదమ్మా" అంటాడు. ముప్ఫై దాటిన మనిషి, ఆ మాట అనేటప్పుడు ఏడో తరగతి పిల్లాడిలా అయిపోతాడు.

పోయిన జనవరిలో బావకి జ్వరం వచ్చింది. ఊళ్ళో అందరికీ వచ్చినట్టే వచ్చి, పోయింది. పోతూ పోతూ ముక్కును తీసుకుపోయింది.

డాక్టరు గొట్టం పెట్టి చూసి, లోపల అంతా బాగానే ఉందన్నాడు. రావచ్చు, రాకపోవచ్చు, తొందరపడితే వచ్చేది కాదన్నాడు. పొద్దున, సాయంత్రం లవంగం, నిమ్మతొక్క, కాఫీపొడి, నీలగిరి తైలం ఒక్కోటీ ముక్కు దగ్గర పెట్టుకుని ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోమన్నాడు. బీరు చోటు యజమాని మంచివాడే. వానలు పడేసరికి కొత్త స్టౌట్ పెడుతున్నాం, మే నెలలో నలుగురం కూర్చుని రుచి చూస్తాం, అప్పటికి కోలుకుని వచ్చి కూర్చో, నీ కుర్చీ నీకే ఉంటుంది అన్నాడు. కోలుకోకపోతే ఏమిటో ఆయన అనలేదు. మేం అడగలేదు.

సాధనకి కొన్ని స్టౌట్ సీసాలు నా పాత చీరల్లో చుట్టుకుని మిరపకోతల వేళకి ఊరొచ్చాం.

వచ్చిన వారంలోనే అత్తమ్మకి సంగతి ఎంత దూరం పోయిందో అర్థమైంది. పొయ్యి మీద పాలు పెట్టి, చూస్తుండరా అని చెప్పి ఆమె దొడ్లోకి పోయింది. బావ పొయ్యికి చేరువలోనే మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడి, ఇల్లంతా మాడు కమ్మింది. వీధిలోకి వాసన పోయి నేనూ అత్తమ్మా రెండు వైపుల నుంచీ పరిగెత్తుకొచ్చాం. బావ తల ఎత్తి మా ఇద్దరినీ చూశాడు, ఎందుకు వచ్చారన్నట్టు. కొడుకుని తిట్టడానికి అత్తమ్మ నోరు తెరిచింది. గిన్నె తీసుకుపోయి దొడ్లో పడేసి వచ్చి, మామూలుగా, "టీ లేదు ఇయ్యాల" అంది.

ఆ ఆదివారమే చర్చిలో ప్రార్థన మనవి ఇచ్చాడు మావయ్య. నా కొడుకు ముక్కుకి స్వస్థత కోసం అన్నాడు. సంఘమంతా కళ్ళు మూసుకుని ముక్కు కోసం ప్రార్థన చేసింది. ఆ ముక్కు మళ్ళీ దేన్ని వాసన చూడాలో తెలిసిన మేం నలుగురం మాత్రం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

నల్ల బీరు ఫ్రిజ్‌లో పెడితే వాసన ముడుచుకుపోతుంది, ఎండలో ఉంచితే పాడవుతుంది. వసారాలో మంచినీళ్ళ కుండ కింద తడి ఇసుక ఉంటుంది కదా, అందులో పాతిపెట్టాను. బీరు దాచే ఏ నేలమాళిగా దానికి సాటి రాదు. మధ్యాహ్నం అత్తమావలు పొలంలో ఉన్న వేళ సీసాలు తీసి, మిరప బస్తాలు పెట్టే గదిలో సాధన చేసేవాళ్ళం.

సాధన అంటే మూడు గ్లాసులు. రెండింట్లో ఒకే స్టౌట్, ఒకదాంట్లో వేరేది. ఏది వేరో చెప్పాలి. అక్కడ వాళ్ళ పరీక్ష కూడా అదే. రంగు తేడా కనపడకుండా స్టీలు గ్లాసుల్లో పోసేదాన్ని. పోసేటప్పుడు బావ గోడ వైపు తిరిగి నిలబడేవాడు, శిక్ష పడ్డ పిల్లాడిలా.

పాల చక్కెర స్టౌట్ పెడితే ఇట్టే పట్టేసేవాడు. తీపి కదా, నాలుక చెప్పేస్తుంది. ఓట్స్‌ది చిక్కగా ఉంటుంది, బుగ్గలకి తెలుస్తుంది. అసలు చిక్కు ఆ తర్వాత. ఒకటి మామూలు స్టౌట్, ఒకటి అదే స్టౌట్‌ని కాఫీ గింజల మీద నిలవ ఉంచింది. మూత తీయగానే నాకు చెయ్యి చాచినంత దూరానికి తెలిసేది. బావ ఒక్కో గ్లాసూ తిప్పి, ముక్కు ముంచినంత పని చేసి, గుక్కెడు తీసుకుని, ఉమ్మి, మళ్ళీ మొదటిది తీసుకునేవాడు.

"చేదు. ఇది చేదు. ఇదీ చేదే" అన్నాడు ఆ రోజు. "జనం ఊరికే నాలుకని పొగుడుతారు గానీ పింకీ, దానికి తెలిసింది ఏముంది. తీపి, చేదు, పులుపు, ఉప్పు. కాఫీ, బెల్లం, చాక్లెట్టు అన్నీ ముక్కు చెప్పే కతలే." మధ్య గ్లాసు చూపించాడు. "ఇది."

కాదు. మొదటిది. నేను చెప్పకముందే నా మొహం చూసి గ్రహించాడు.

"ఏం వస్తంది అందులో? చెప్పు."

చెప్పాను. అప్పుడే పొడి చేసిన కాఫీ, దాని కింద పేలాలు మాడిన వాసన, కొంచెం ఎండుఖర్జూరం, గ్లాసు కాస్త వెచ్చబడ్డాక చింతగింజలు వేయించినట్టు. బస్తాకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, పాట వినేవాడిలా విన్నాడు. "ఇంకా" అన్నాడు. ఇంకా వెతికి చెప్పాను. "ఇంకా" అన్నాడు మళ్ళీ. నా మాటలైపోయాయి గానీ గ్లాసులో వాసన అయిపోలేదు. ఆ ముక్కుకి పని నేర్పింది ఆయనే. తిరిగి ఆయనకి ఇచ్చే దారి లేదు.

మిరప దుమ్ము ముక్కుకి చెడ్డదని అత్తమ్మ కొడుకుని కల్లం వైపే రానివ్వలేదు. ఇంటిల్లిపాదీ కల్లంలో ఉంటే ఆయన ఇంట్లో లవంగం పట్టుకుని కూర్చునేవాడు. మార్చి చివర్లో ఒక శనివారం బస్తాలు తొక్కే మనిషి రాలేదు. మబ్బు పట్టింది. కాయంతా ఆరబోసి ఉంది. బావే వచ్చి, అత్తమ్మ వద్దంటున్నా వినకుండా గోతంలోకి దిగాడు. పైనుంచి మేం కాయ పోస్తుంటే లోపల నిలబడి కాళ్ళతో తొక్కాలి, అప్పుడే బస్తా గట్టిపడుతుంది. నాలుగు తొక్కులు తొక్కాడో లేదో తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. ఇక ఆగలేదు. కళ్ళూ ముక్కూ ధారలు కట్టి, గోతంలో నిలబడి వంగి వంగి తుమ్ముతున్నాడు.

తాలుకాయలు ఏరుతున్న అత్తమ్మ చేతిలో చేట వదిలేసింది. "వాడికి తెలిసింది. వాడికి ముక్కొచ్చింది" అంది. గట్టిగా కూడా అనలేదు, భయపడుతున్నట్టు అంది. మావయ్య తలపాగా తీసి, ఎర్రటి కాయ మీదే మోకాళ్ళూనాడు.

పక్క పొలం యల్లమంద బాబాయి గట్టు మీద నుంచి, "ఒరేయ్ జయకరా, హైదరాబాదు డాక్టర్లకి లొంగని ముక్కు మన కాయకి లొంగిందిరా" అన్నాడు. కూలీలంతా నవ్వారు. బావ కూడా తుమ్ముల మధ్య నవ్వాడు. మూడు నెలల తర్వాత ఆ నవ్వు చూశాను. మిరప ఊళ్ళో పుట్టిన వాళ్ళం, ముక్కు పనిచేస్తోందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి మాకు. నేనూ నమ్మాను.

సాయంత్రం గదిలోకి పోతే బావ బస్తాల మధ్య కింద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కాఫీపొడి డబ్బా. ముక్కు కొనకి, పెదవి మీదకి పొడి అంటుకుంది.

"ఏం లేదు" అన్నాడు. "ఘాటు దెబ్బ లాంటిది పింకీ. గుడ్డోణ్ణి కొట్టినా నొప్పి తెలిసిద్ది. చూపొచ్చినట్టు కాదుగా."

మావయ్యకి చెబుదాం అన్నాను. ఇద్దరం లేచి వసారాలోకి వచ్చాం. మావయ్య ఫోన్‌లో పాస్టర్ జయపాల్ గారితో మాట్లాడుతున్నాడు. మాట్లాడుతున్నాడు అనడం కంటే ఏడుస్తున్నాడు అనాలి. తండ్రి ఏడవడం బావ ఎప్పుడూ చూడలేదట. గుమ్మం దాకా పోయినవాడు వెనక్కి తిరిగాడు. "డాక్టరు వచ్చే చాన్సు ఉందన్నాడుగా. రేపో మాపో నిజంగానే రావచ్చు. అప్పుడిక చెప్పే పనేముంది" అన్నాడు. అది నాకు చెప్పిన మాట కాదు.

తెల్లారి చర్చిలో మావయ్య సాక్ష్యం చెప్పాడు. మామూలుగా నాలుగు మాటల్లో ముగించే మనిషి, ఆ రోజు జ్వరం దగ్గర మొదలుపెట్టి మాడిన పాల గిన్నె, కల్లం, తుమ్ములు అన్నీ చెప్పాడు. మాట మాటకీ సంఘం స్తోత్రం అంటోంది. మగవాళ్ళ వైపు బావ తలొంచుకుని కూర్చున్నాడు. భక్తి అనుకున్నారు అందరూ.

సాక్ష్యం ఊళ్ళో ఊరుకోలేదు. వెనక వీధి రాహేలమ్మకి ఎన్నాళ్ళుగానో చెవులు వినపడవు. నీ కొడుకు ముక్కుకి చేసిన ప్రార్థనే నా చెవులకీ చెయ్యయ్యా అని వచ్చింది. మావయ్య ఎంతో సంతోషంగా సాయంత్రాలు ఆమె ఇంటికి పోయి ప్రార్థన చేసి వచ్చేవాడు. పాపం ఆయన మాట తీసెయ్యలేక, కాస్త వినపడతన్నట్టే ఉందయ్యా అని ఆమె అనేదట. ఆ మాట ఇంటికొచ్చి అన్నం ముందు చెప్పేవాడు. బావ సగం అన్నంలో చెయ్యి కడిగేసుకునేవాడు. రేపు చెప్తా అనేవాడు నాతో. ఆ రేపు ఏప్రిల్ అంతా నడిచింది. గదిలో మూడు గ్లాసుల సాధన మానలేదు. లవంగం మానలేదు. ఏదీ రాలేదు.

నెలాఖరులో కాయ కోల్డ్ స్టోరేజీకి పోయింది. ఇల్లు ఖాళీ అయ్యి, మాటలు వినపడే రోజులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం యజమాని నుంచి ఫోన్ వచ్చింది, పరీక్ష తారీఖు చెప్పాడు. బావ సరే సార్, సరే సార్ అని పెట్టేశాడు. వసారాలో మంచం మీద పడుకున్న మావయ్య కళ్ళు తెరవకుండానే, ఏం పరీక్షరా అది అని అడిగాడు.

బావ నా వైపు చూశాడు. తర్వాత చెప్పాడు. మూడు గ్లాసులు, రెండు ఒకటే, ఒకటి వేరు. గ్లాసులో ఏముంటుందో మాత్రం చెప్పలేదు.

మావయ్య లేచి కూర్చున్నాడు. "ముక్కొచ్చిందిగా, ఇంక భయమెందుకు" అన్నాడు. బావ చేతిలో ఫోన్ అటూ ఇటూ తిప్పుతున్నాడు. మావయ్య కొడుకుని కాసేపు చూశాడు. వంటింటి గుమ్మంలో అత్తమ్మ కూడా వచ్చి నిలబడింది.

"పింకీ, ఆ కుండ కింద ఉన్నయి తీసుకురామ్మా" అన్నాడు మావయ్య.

రోజూ ఆ కుండలో నీళ్ళు ముంచుకునే మనిషి. ఎన్నాళ్ళుగా తెలుసో. ఇసుక తుడిచి రెండు సీసాలు తెచ్చాను, ఒకటి కాఫీది, ఒకటి మామూలుది. మూడు గ్లాసులు పెట్టాను. పోయబోతే, "నేను పోస్తా" అన్నాడు.

చర్చిలో బల్ల దగ్గర రొట్టె పళ్ళెం పట్టుకునే చేతులు. సీసా మూత ఎలా తీయాలో తెలియక పటకారు తెమ్మన్నాడు. బావ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నురగ పొంగి వేళ్ళ మీద పడితే మావయ్య ఉలిక్కిపడ్డాడు గానీ ఆపలేదు. మూడూ సమానంగా పోసి, వేరేది ఏదో గుర్తుకి దాని అడుగున తడి వేలితో ఒక మిరప తొక్క అంటించి, "తిరుగు" అన్నాడు.

బావ మూడూ చూశాడు. ఎంతసేపు చూశాడో. చివరిది అన్నాడు. మావయ్య మొదటి గ్లాసు ఎత్తి అడుగు చూపించాడు, తొక్క అక్కడ ఉంది.

"ఇంకోసారి పోస్తా" అన్నాడు.

మళ్ళీ పోశాడు. మళ్ళీ తప్పు. ఇంకోసారి అన్నాడు. ఈసారి బావ మధ్యది అన్నాడు. మావయ్య ఆ గ్లాసు ఎత్తాడు, అడుగున తొక్క ఉంది. ఆయన మొహం చూడలేకపోయాను.

"చూశావా. చెప్పావుగా. వస్తంది, మెల్లగా వస్తంది" అన్నాడు.

"నాన్నా" అన్నాడు బావ. "మూడిట్లో ఒకటి గుడ్డిగా చెప్పినా ఎప్పుడో ఒకసారి తగిలిద్ది."

మావయ్య వినలేదు. సీసాలో మిగిలింది పోశాడు. ఈసారీ బావ చెప్పింది తప్పు. సీసాలు ఖాళీ అయ్యాయి. ఖాళీ సీసా గ్లాసు మీద వంచి పట్టుకుని, ఇంకో చుక్క రాలుతుందేమోనని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఒక గ్లాసు తీసి తన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి. ఇంకోటి తీసి చూశాడు.

"ఇందులో కాఫీ వాసన వస్తంది గదరా" అన్నాడు, బతిమాలుతున్నట్టు. "నాకే తెలుస్తంది. నీకు తెలవట్లా?"

"లేదు నాన్నా."

"కల్లంలో ఆ రోజు?"

"అది ఘాటు నాన్నా. వాసన కాదు."

గుమ్మంలో అత్తమ్మ లేదు. మావయ్య గ్లాసులు తీసుకుని తనే దొడ్లోకి పోయి కడిగాడు. చాలాసేపు కడిగాడు. ఆ రోజు సాయంత్రం రాహేలమ్మ ఇంటికి పోలేదు.

పొద్దున బావ యజమానికి ఫోన్ చేసి పరీక్షకి రావటం లేదని చెప్పాడు. ట్యాంకులు కడిగించే పని ఉంది, చేస్తావా అని అడిగారట. చూద్దాం సార్ అన్నాడు.

మే మొదటి ఆదివారం ప్రభువు బల్ల. తెల్లవారి నేను ఇంకా లేవలేదు, వాసనకి మెలకువ వచ్చింది. వంటింట్లోకి పరిగెత్తాను. అత్తమ్మ పొయ్యి ముందు నిలబడి ఉంది. చేతిలో గరిటె ఉంది, కలపడం లేదు. గిన్నెలో ద్రాక్షరసం బుడగలు మానేసి, అంచుల వెంట నల్లబడుతోంది.

"అత్తమ్మా, అడుగంటతంది" అన్నాను.

"తెలుసు" అంది. మంట తగ్గించలేదు. నా వైపు చూడలేదు. ముక్కు పైకెత్తి ఎంత మాడిందో చూసుకుంటోంది. పక్కింటి వాళ్ళు కూడా వాసనకి లేచి తలుపులు తీస్తున్నారు, బావ మాత్రం నిద్రలోనే ఉన్నాడు. ఇంకాసేపు ఆగి దించి, నాలుకకి చేదు తగలకుండా ఇంకో గుప్పెడు పంచదార కలిపి, వడకట్టింది. బావని పిలవలేదు. మూత తీసి అడగలేదు. గిన్నె గుడ్డలో కట్టుకుని మా అందరికన్నా ముందే చర్చికి వెళ్ళిపోయింది.

సాక్ష్యాల వేళ మావయ్య లేచాడు. కల్లం సాక్ష్యం విన్న వాళ్ళంతా ఇంకేదో మేలు చెబుతాడని సర్దుకుని కూర్చున్నారు.

"మొన్న ఇక్కడే నిలబడి నా కొడుక్కి వాసన వచ్చిందని చెప్పా" అన్నాడు. "రాలేదు. ఆ రోజు వాణ్ణి తుమ్మించింది మిరపకాయ ఘాటు. తెలియక చెప్పా. తెలిసింది గనక ఆ సాక్ష్యం వెనక్కి తీసుకుంటన్నా."

పాస్టర్ జయపాల్ గారు వయసులో చిన్నవాడు, సాక్ష్యం వెనక్కి తీసుకుంటే ఏమనాలో ఆయనకి ఎవరూ నేర్పినట్టు లేదు. మావయ్య ఇంకా నిలబడే ఉన్నాడు.

"వాడు బార్లీ కంపెనీ అని మీకు చెప్పింది నేనే. వాడు చేసేది బీరు రుచి చూసే పని. ఆ పని పోయింది. సంఘానికి పెద్దగా ఉండమాక అని మీరంటే దిగిపోతా. వాడి ముక్కు కోసం మళ్ళీ ప్రార్థన చెయ్యమనటానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతన్నా."

కూర్చున్నాడు. ఏమీ వినపడని రాహేలమ్మ, యేసుపాదం కూర్చున్నాడు గనక సాక్ష్యం అయిందనుకుని, అలవాటు ప్రకారం స్తోత్రం అంది గట్టిగా. ఆ ఒక్క గొంతే.

బల్ల మొదలైంది. చిన్న చిన్న కప్పులు పళ్ళెంలో పెట్టుకుని వరసలో ఇస్తూ వచ్చారు. నా కప్పు పెదవి దగ్గరికి రాకముందే తెలిసింది. పేలాలు మాడిన వాసన, బెల్లం పాకం ముదిరి నల్లబడ్డ వాసన. గీత దాటేసింది, చాలా దూరం దాటింది. నా ముందు వరసలో ఒకామె మొహం చిట్లించి పక్కామెని చూసింది. పాస్టరుగారికి దగ్గు వచ్చి ఆపుకున్నారు. ప్రభువు బల్ల గనక ఎవరూ ఏమీ అనలేదు, మింగారు.

అత్తమ్మ తన కప్పు తాగలేదు. చేతిలో పట్టుకుని, నడవ అవతల మగవాళ్ళ వైపు చూస్తోంది. బావ కప్పు అందుకున్నాడు. తలొంచుకుని తాగాడు. ఖాళీ కప్పు పళ్ళెంలో పెట్టి, పెదవులు తుడుచుకుని, కళ్ళు మూసుకున్నాడు. నుదురు కూడా కదల్లేదు.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర చెప్పులేసుకుంటుంటే అత్తమ్మ వచ్చింది. చంకలో ఖాళీ గిన్నె. జనం మా పక్కనుంచి పలకరించకుండా పోతున్నారు. కొందరు పోకుండా ఆగి చూస్తున్నారు.

"మాడిందా?" అని అడిగింది.

బావ నవ్వాడు. ఎన్నో ఏళ్ళ అలవాటు, ఏడో తరగతి పిల్లాడి నవ్వు. ఇన్ని బాధల మధ్య తల్లి ఆ మాట మర్చిపోలేదని సంతోషపడ్డాడు కూడా.

"లేదమ్మా" అన్నాడు.

అత్తమ్మ తలూపింది. కొంగు తల మీదికి లాక్కుని, గిన్నె ఇంకా దగ్గరికి అదుముకుని ముందు నడిచింది. ఆమె వెనక మావయ్య, ఆయన వెనక మేం. ఇల్లు చేరేదాకా ఆ గిన్నె అడుగు వాసన మా మీదికి వస్తూనే ఉంది. బావ నా పక్కనే నడుస్తున్నాడు.